ఎత్తు వరసన పాతిన శిలువలు

సమాధుల తోటకి సుందరీకరణ కమిటీ చేసినంత మేలు సృష్టి మొదలైన నాటి నుంచీ ఎవరూ చేయలేదని బల్లగుద్ది చెబుతున్నాను! కాదనేవాళ్ళు ఒక్కసారి మా చర్చి వెనక్కి వచ్చి చూసి, ఆ తరవాత నోరు విప్పండి.

అరెకరం నేల. అందులో నూటపాతికేళ్ళ జనం. మొన్నటిదాకా ఎలా ఉండేది? ఒక శిలువ తూర్పుకి వాలితే ఇంకొకటి పడమరకి. ఒకటి నిచ్చెనంత, ఒకటి గరిటంత. చచ్చిపోయినంత మాత్రాన మనిషికి క్రమశిక్షణ అక్కర్లేదా?

కమిటీ ప్రెసిడెంటు గారికి టైల్స్ షాపుంది. వంకర చూస్తే ఆయనకి నిద్ర పట్టదు. నూట నలభై కర్ర శిలువలూ పీకించి, గోడకి చేరవేయించి, తెల్లరంగు కొట్టించారు. పేర్లు కూడా కొత్తగా రాయించారు. రంగు ఆరాక చూస్తే ఏది ఎక్కడిదో ఒక్కరికీ గుర్తులేదు! ఇంకొకడైతే బెంబేలెత్తిపోయేవాడు. మా పెయింటరు ఘనుడు. బడిలో పిల్లల్ని ప్రార్థనకి నిలబెట్టినట్టు పొట్టివి ముందు, పొడుగువి వెనక, ఎత్తు వరసన పాతేశాడు.

ఎంత శాంతి వచ్చిందో చూడండి! బతికినన్నాళ్ళూ కోడలి చేతి మంచినీళ్ళకి నోచుకోని అత్తగారికి ఇప్పుడు వారం వారం గులాబీలు. పెట్టేది వేరేవాళ్ళ కోడలు. అయితేనేం? ప్రహరీ గోడ కోసం ముప్పై ఏళ్ళు కోర్టు మెట్లెక్కిన బావా బావమరిదీ ఒకరి పేరు కింద ఒకరు చల్లగా పడుకున్నారు. ఏ జడ్జీ చేయగలిగాడండీ ఇంత రాజీ? ఇక పళ్ళ డాక్టరు గారి కుటుంబమంతా తాతగారనుకుని మోకరిల్లి కన్నీరు కారుస్తున్న చోట ఉన్నది మొట్టమొదటి ఫాదర్ గారి గుర్రం. పాపం, గుర్రానికి మాత్రం నలుగురు ఏడవొద్దా?

ఒక్క మనిషికే ఈ వైభవం మింగుడు పడలేదు. యాభై ఏళ్ళుగా అక్కడ గోతులు తవ్వుతున్న పెద్దాయన. అందరికీ గునపం మామ. అడుగు వేస్తే కింద ఎవరున్నారో తన అరికాలికి తెలుస్తుందంటాడు. అడిగి ఉంటే ఒక్క పూటలో ఎవరి శిలువ వాళ్ళకి ఇచ్చేసేవాడు. కానీ కమిటీలో పన్నెండుగురు చదువుకున్నవాళ్ళుండగా గోతులు తవ్వేవాణ్ణి ఎవరడుగుతారండీ?

చేసిన మేలు లోకానికి తెలియాలి కదా! పన్నెండు పేర్లతో మంచమంత నల్ల గ్రానైట్ పలక చెక్కించారు. తూర్పు గోడ వార ఒక్క శిలువా లేని జాగా కనబడింది. శనివారం పొద్దున్నే సిమెంటు కలిపారు.

ఆ కబురు వినగానే బట్టలు కుట్టే ముసలామె మిషను మీద జాకెట్టు మిషను మీదే వదిలి పరుగెత్తుకొచ్చింది. యాభై ఏళ్ళ కిందట ఆమె బిడ్డ పుట్టిన గంటకే పోయింది. జ్ఞానస్నానం అందలేదు. అలాంటి పసివాళ్ళకి ఆ రోజుల్లో శిలువ లేదు, రిజిస్టర్లో పేరు లేదు, గోడ వారే చోటు. తల్లిని రానివ్వలేదు కూడా. మామ పనిలో చేరి తవ్విన మొదటి గొయ్యి అదే.

“తమ్ముడూ, నా పిల్ల మీద సిమెంటు పోస్తున్నారటరా!”

“నువ్వు ముందు ఊపిరి పీల్చుకో అక్కా. నేను లేనూ?”

మామ ప్రెసిడెంటు దగ్గరికి వెళ్ళాడు. “ఇక్కడ చంటిపిల్లలున్నారు సార్. పదకొండు మంది.”

“రికార్డుందా?”

“నేనున్నాగా.”

“నువ్వు రికార్డువా? తప్పుకో మామా, అవతల సిమెంటు గట్టిపడిపోతోంది.”

మామ బుర్ర గోక్కున్నాడు. “సరే, కానివ్వండి. మరి సమాధుల మధ్య పేర్లున్న రాయి నిలబెడితే, కింద ఉన్నది ఆ పేర్లవాళ్ళేననుకుంటారు కదండీ జనం? ఇందాక ఒకావిడ రాయి చదివి అడగనే అడిగింది, ‘అయ్యో, ప్రెసిడెంటు గారు ఎప్పుడు పోయారు? నిన్న కూడా షాపులో కూర్చునే ఉన్నారే!’ అని.”

“నా పేరు కూడా ఉందిగా అందులో!” అంటూ సెక్రటరీ ఒక్క గెంతు వెనక్కి గెంతాడు.

పావుగంటలో పలక గేటు దాటింది. ఇప్పుడది బయట స్కూటర్లు పెట్టుకునే గోడకి ఉంది. హ్యాండిళ్ళు తగిలి అప్పుడే రెండు పేర్లు చెరిగాయి.

“ఎక్కడరా, తమ్ముడూ?” అందామె నెమ్మదిగా.

“గోడకి మూడడుగులు, అక్కా. ఇదిగో, నా కాలి దగ్గర. తల ఇటు.”

యాభై ఏళ్ళూ ఆ గోడ పొడవునా ఎక్కడ చూడాలో తెలియక చూసిన మనిషి, మొదటిసారి ఒకచోట చెయ్యి పెట్టి కూర్చుంది.

కాబట్టి సుందరీకరణ దీవెనే అని నా వాదన! అది లేకపోతే ఆమె అడిగేదీ కాదు, ఆయన చెప్పేవాడూ కాదు. నాకున్న దిగులల్లా ఒక్కటే. మామకి డెబ్భై రెండు దాటాయి, ఈ మధ్య దగ్గుతున్నాడు. మిగిలిన పదిమంది పిల్లలు ఎవరి బిడ్డలో ఆయన ఒక్కడికే తెలుసు. మీలో ఎవరికైనా ఒక నోటుబుక్కూ, ఒక పూట తీరికా ఉంటే వెంటనే వెళ్ళండి. వెళ్ళేటప్పుడు కుర్చీ ఒకటి పట్టుకెళ్ళండి. ఇన్నేళ్ళలో ఆ తోటలో ఆయన్ని కూర్చోమన్నవాళ్ళు లేరు.