నెమలిగారి నడిచే శవాలు

ఇంత పెద్ద అడవికి ఒక గ్రంథాలయమైనా ఉండాలని పూర్వం ఎవరికో బుద్ధి పుట్టింది. ఒక గుహ ఇచ్చి చేతులు దులుపుకున్నారు. దాన్ని చూసుకునే ముళ్ళపంది సూరమ్మకు ఆ గుహే ఇల్లు, ఆ పుస్తకాలే పిల్లలు.

ఆ ఏడు పులిరాజు దగ్గర్నుంచి కబురొచ్చింది. "నెల తిరిగేలోగా పిల్లలు వచ్చి చదవకపోతే గుహను నా అతిథిగృహం చేసుకుంటా."

సూరమ్మ పరుగున వెళ్ళి సాహిత్య మండలి కాళ్ళమీద పడింది.

మండలి అధ్యక్షుడు ఎలుగుబంటి భద్రమూర్తి గడ్డం గోక్కున్నాడు. "ఈ కాలం పిల్లలకు భయం కావాలమ్మా. చచ్చినవాళ్ళు లేచి నడిచే జాంబీ నవల రాయిద్దాం. మన నెమలిగారు ఉన్నారుగా!"

నెమలి పింఛభూషణ్ తొమ్మిది రోజుల్లో నాలుగు వందల పేజీలు రాసి పారేశాడు. వెంటనే మండలివారు ఆవిష్కరణ సభ పెట్టి, ఒకరికొకరు శాలువాలు కప్పుకున్నారు. ముందుమాట భద్రమూర్తిది.

"నవల చదివారా అయ్యా?" అని సూరమ్మ భయంభయంగా అడిగింది.

"చదివితే పొగడ్డానికి నోరు పెగలదమ్మా. అందుకే మన మండలిలో ముందుమాట చదవకముందే రాసేస్తాం."

చదివినవాడు ముసలి రాబందు ఒక్కడే. శవాల సంగతి అతనికి తెలిసినంతగా అడవిలో ఎవరికీ తెలియదు.

"మూడొందల పేజీల దాకా శవమే లేదయ్యా! కథలో లేడిపిల్ల ఇద్దరు దుప్పి కుర్రాళ్ళలో ఎవర్ని ప్రేమించాలా అని నిట్టూరుస్తూనే ఉంది. ఆఖరికి శవాలు లేచాయి. లేచి అవి కూడా ప్రేమ మీదే ఉపన్యాసం దంచాయి! ఇంత పనికిమాలిన శవాలను నా జన్మలో చూడలేదు. ఆకలేసినా ముట్టను."

రాబందుకు సాహిత్యాభిరుచి లేదని మండలి ఏకగ్రీవంగా తీర్మానించింది.

గడువు రోజు ఉదయం పిల్లలందర్నీ గుహలోకి తోలి, తలా ఒక ప్రతి ఇచ్చారు. పుస్తకం పూర్తయ్యేదాకా ఎవరూ బయటికి రాకుండా భద్రమూర్తి గుమ్మానికి అడ్డంగా పడుకున్నాడు.

సాయంత్రం పులిరాజు రాగానే భద్రమూర్తి లేచి దారి ఇచ్చాడు. పిల్లలు ఒక్కొక్కరే బయటికొచ్చారు. కళ్ళు తేలేశారు, నోళ్ళు తెరిచారు, కాళ్ళీడ్చుకుంటూ నడుస్తున్నారు. తల్లి కుందేలు పేరు పెట్టి పిలిచినా పిల్ల ఆమెను గుర్తుపట్టలేదు. "ఇంకా... ఎన్ని... పేజీలు..." అని గొణుక్కుంటూ చెట్టుకు గుద్దుకుంది.

పులిరాజు నాలుగడుగులు వెనక్కి వేశాడు. "నిన్న అడవంతా గంతులేసిన పిల్లలేనా వీళ్ళు! చదివితే ఇలా అవుతారా? మూసెయ్యండి గుహ!"

"మహాప్రభో, లోపల మంచి పుస్తకాలు వెయ్యి ఉన్నాయి! ఒక్కటి తెరిచి చూడండి!" అని సూరమ్మ బావురుమంది. ఎవరూ వినలేదు. చేతికందిన నాలుగు పుస్తకాలు మూటగట్టుకుని ఆ ముసలిది కొండదిగి వెళ్ళిపోయింది.

ఆ వారమే, నిన్నటిదాకా గ్రంథాలయంగా ఉన్న అతిథిగృహంలో మండలి నెమలికి ఉత్తమ నవలా పురస్కారం ఇచ్చింది. "చచ్చినవాళ్ళను ఎవరైనా నడిపిస్తారు. బతికున్నవాళ్ళను అలా నడిపించడం పింఛభూషణ్‌గారికే చెల్లింది" అని భద్రమూర్తి శాలువా కప్పుతూ పలికాడు.

నీతి: పిల్లలు చదవడం లేదని బెంగపడకండి. ఇలాంటిది ఒక్కటి చదివిస్తే, మళ్ళీ చదువుతారేమోనన్న ఆశ కూడా మిగలదు.