సర్వేయరు గారి టమాటాలు

...అసలు ఒక టమాటాను చేతిలోకి తీసుకుని "అబ్బ!" అనడం దేనికి? కడగాలి, తరగాలి, బాణలిలో వెయ్యాలి. మధ్యలో ఈ "అబ్బ" ఎక్కడినుంచి ఊడిపడింది? పెళ్ళయిన ఇన్నేళ్ళలో తన విషయంలో భార్య ఆ మాట ఎప్పుడైనా అందా? అంది. ఒకసారి పొరపాటున ఆమె కాలు తొక్కినప్పుడు.

వంటింట్లో నిలబడి, చెంబెడు నీళ్ళలో గుప్పెడు ఉప్పు కలుపుతూ పళ్ళ డాక్టరు ఇలా ఆలోచిస్తున్నాడు. బాత్రూంలో భార్య స్నానం చేస్తున్న చప్పుడు వినిపిస్తోంది. ఫ్రిజ్ పక్కన మేకుకు పక్కింటి సర్వేయరు తాళంచెవి వేలాడుతోంది. సర్వేయరు క్యాంపుకు వెళ్తూ దాన్ని ఆమె చేతిలో పెట్టి, "మొక్కలకి కాసిని నీళ్ళు పొయ్యండి చెల్లెమ్మా, కాసినవన్నీ మీరే కోసుకోండి" అన్నాడు. ఆ చెల్లెమ్మా అన్న పిలుపు వల్ల అనుమానించే సుఖం కూడా డాక్టరుకు లేకుండా పోయింది. మిగిలింది వట్టి అసూయ. అదీ మనిషి మీద కాదు, కుండీల మీద.

తన బాల్కనీలోనూ ఒక టమాటా మొక్క ఉంది. ఏపుగా పెరిగి, ఆకులు తప్ప మరేమీ ఇవ్వలేదు. కొత్తిమీర మొలకెత్తనే లేదు. రోజూ సాయంత్రం భార్య పక్కింటినుంచి కొంగులో పుదీనా, టమాటాలు నింపుకుని వచ్చి, కూరలో వేసి, "ఆ రుచే వేరు" అంటుంది. ఆ "వేరు" అన్నప్పుడల్లా ఆయన నోట్లో ముద్ద తిరగడం మానేస్తుంది.

ఉప్పునీళ్ళ ఆలోచన తెల్లారగానే వచ్చింది. చిగుళ్ళ వాపుకూ, గొంతు మంటకూ ఆయన చెప్పే మొదటి మందు అదే. మనిషికి ఇంత మేలు చేసేది మొక్కకు పడకపోతే అది మొక్క ఖర్మ.

"క్లినిక్కి వెళ్తున్నానే!" అని కేకేసి, తాళంచెవి తీసుకుని, పక్కింట్లోకి జారుకున్నాడు.

బాల్కనీలో చెంబు వంచబోతుండగా గోడ అవతల తన బాల్కనీ తలుపు కిర్రుమంది. భార్య తువ్వాలు ఆరెయ్యడానికి వచ్చింది. ఆయన ఉలిక్కిపడ్డాడు. చెంబు చేతిలోనే ఉండిపోయింది గానీ నీళ్ళు మాత్రం కటకటాల మీదుగా కిందికి దూకాయి. కింద వకీలమ్మ గారు తన నల్లకోటు దులుపుకుంటున్నారు.

"ఎవర్రా అది! కోర్టుకెళ్ళాల్సిన కోటిది! నోట్లో కూడా పడ్డాయి... ఉప్పగా ఉన్నాయి! ఛీ ఛీ, ఏం నీళ్ళురా ఇవి?"

డాక్టరు మొక్కల వెనక చతికిలబడ్డాడు. జేబులో ఫోను వణికింది. తీస్తే భార్య గొంతు ఒక చెవిలో ఫోనులోంచీ, రెండో చెవిలో గోడ అవతలినుంచీ వినిపించింది.

"ఏమండీ, అన్నయ్యగారింట్లో దొంగ దూరాడు! టమాటా మొక్క వెనక బట్టతల కనిపిస్తోంది. చూడ్డానికే అసహ్యంగా ఉంది!"

"బట్టతల ఉన్నంత మాత్రాన..."

"వాడి తరఫున మాట్లాడతారేమిటి? ఆ గుసగుసలేమిటి?"

"పేషెంటు నోరు తెరుచుకుని ఉన్నాడు. వచ్చెయ్యనా?"

"మీరొచ్చి ఏం చేస్తారు, వాణ్ణీ నోరు తెరవమంటారా? వాచ్‌మన్‌ని పిలుస్తున్నాను."

వాచ్‌మన్ వచ్చాడు. లోపలికి మాత్రం రాలేదు. బయట గడియ పెట్టి, "ఇక లోపలే చావనీయండమ్మా!" అని ధైర్యం చెప్పాడు. దొంగ పైపు పట్టుకుని దిగుతాడేమోనని ఇంటి వెనక్కి పరిగెత్తాడు. భార్య కిందికి దిగి వకీలమ్మను లోపలికి తీసుకెళ్ళింది. కుళాయి కింద కోటు ఉతుకుతున్న చప్పుడు పైదాకా వస్తోంది.

ఇదే అదను. డాక్టరు బాల్కనీల మధ్య గోడ మీద అడ్డంగా పడుకుని, కిందికి చూడకుండా, పొట్ట మీద పాకి తన ఇంట్లో పడ్డాడు. తాళంచెవిని మేకుకు తగిలించాడు. గుమ్మం దాటేసరికి భార్య మెట్లెక్కి వస్తూ ఎదురైంది. ఆయన నిజంగానే రొప్పుతున్నాడు.

"అబ్బ! పేషెంటును వదిలేసి వచ్చేశారా!"

ఆ మాట కోసమే గదా ఇదంతా. డాక్టరు ఒళ్ళు పులకరించింది. దాన్ని అక్కడితో ఆపి ఉంటే బాగుండేది.

"తాళంచెవి ఇలా తే. నేనొక్కణ్ణే వెళ్తాను."

బయటి గడియ తీసి లోపలికెళ్ళి, తలుపు వేసుకుని ఒక కుర్చీ పడదోశాడు. "ఆగరా, దొంగ వెధవా!" అని అరిచాడు. ఆ ఖాళీ గదిలో ఆ తిట్టు ఎవరికి తగిలిందో తెలుసు కాబట్టి కొంచెం నొచ్చుకున్నాడు కూడా. చొక్కా గుండీ ఒకటి తెంపుకుని బయటికొచ్చి, "దూకి పారిపోయాడు" అన్నాడు.

భార్య అప్పటికే సర్వేయరుకు ఫోను చేసింది.

"మీరుండగా నాకేం భయం బావగారూ!" అంది ఫోను. "ఇక్కడ పని తెమిలేలా లేదు. ఎప్పుడొస్తానా అని బెంగపడ్డాను. ఇంక తొందరేముంది?"

"మొక్కల సంగతి మర్చిపోండి అన్నయ్యగారూ," అంది భార్య. తర్వాత డాక్టరు వైపు తిరిగింది. "ఇవాళ్టినుంచి నీళ్ళు మీరే పొయ్యండి. ఆ బట్టతలవాడు మళ్ళీ వస్తే నేనొక్కదాన్నీ ఏం చెయ్యగలను?"

మర్నాటి ఉదయం డాక్టరు మళ్ళీ అదే బాల్కనీలో ఉన్నాడు, ఈసారి మంచినీళ్ళతో. కాయల బరువుకు ఒక కొమ్మ వంగి, మొదలు దగ్గర చీలబోతోంది. కొసన ఎర్రగా, బరువుగా ఒక పండు.

గోడ అవతలినుంచి భార్య తొంగి చూసింది. "అన్నయ్యగారి చేతి గుణం చూడండి! మీరు నీళ్ళు పోసినా కాస్తూనే ఉన్నాయి!" అని లోపలికి వెళ్ళిపోయింది.

కొమ్మ ఆయన వేళ్ళ మధ్యే ఉంది. చిన్న మెలిక చాలు, చేతికొచ్చేస్తుంది. పళ్ళు పీకిన చేతికి ఇదొక లెక్కా? చుట్టూ ఎవరూ లేరు. ఆయన చాలాసేపు దాన్ని అలాగే పట్టుకుని నిలబడ్డాడు. చివరికి జేబులోంచి పళ్ళ సందులు శుభ్రం చేసే దారం తీసి, కొమ్మను కర్రకు చేర్చి జాగ్రత్తగా కట్టాడు.

నొప్పిగా ఉందా అని అడగబోయి, అలవాటును దిగమింగుకున్నాడు.