కొత్త హాలుకు పాత మంచం

శుక్రవారం పొద్దున్నే బయలుదేరి, భద్రాచలం దాటి అడవి ఊరికి పోయి, ఒక మంచమూ ఒక గోడ రంగూ తీసుకొని సాయంత్రం టీ వేళకు ఖమ్మం వచ్చేయాలి. తబిత తన భర్త షాలేమ్‌రాజుకు చెప్పిన ప్లాను ఇంతే. మంచం ఎలా తేవాలో అతనికి తెలుసు. గోడ రంగు ఎలా తెస్తారో తెలియదు. అయినా అడగలేదు. తబిత ఒక మాట అన్నదంటే దాని వెనక ఏదో ఆలోచన ఉంటుందని పదకొండేళ్ళ కాపురంలో అతనికి గట్టి నమ్మకం కుదిరింది.

ఆ పదకొండేళ్ళూ వాళ్ళు కిరాయి ఇళ్ళలోనే గడిపారు. ఒక ఓనరు గోడలకు మందుసీసా పచ్చ వేయించాడు. ఇంకో ఓనరు కూతురి పెళ్ళికి తెప్పించగా మిగిలిన గులాబీ రంగును వీళ్ళ గదులకు పూయించాడు. ఏ ఇంట్లోనూ తబితను ఎవరూ ఏమీ అడగలేదు. ఇప్పుడు మూడో అంతస్తులో సొంత ఫ్లాటు వచ్చింది. పెయింటరు వచ్చి తెల్లటి గోడల ముందు నిలబడి, "మేడమ్, ఏ రంగు వెయ్యమంటరు?" అని అడిగినప్పుడు ఆమె ఆ తెల్ల గోడలను ఒక్కొక్కటిగా తడిమి చూసింది. ఆదివారం సాయంత్రం పాస్టరు గారు వచ్చి కొత్త ఇంటి ప్రార్థన చేస్తారు. సంఘమంతా వస్తుంది. ఆలోగా హాలు తన మనసులో ఉన్నట్టు కుదరాలి.

నెల రోజులు ఫోనులో వందల ఇళ్ళు చూసింది. బూడిద రంగు సోఫాలు, బంగారు కాళ్ళ బల్లలు, సముద్రం రంగు గోడలు. "అన్నీ బాగున్నయి. కానీ అన్నీ ఒక్కళ్ళ ఇల్లు లెక్కనే ఉన్నయి" అంది. చివరికి ఒక సాయంత్రం కూరగాయలు తరుగుతూ తరుగుతూ "గంగక్క గోడ!" అని లేచి నిలబడింది.

పెళ్ళికి ముందు తబిత ఆ అడవి ఊరి బడిలో రెండేళ్ళు టీచరుగా పనిచేసింది. గంగక్క ఇంటి పక్కనే ఉండేది. ఆ ఇంటి ఎర్రమన్ను గోడ, దాని ముందు నల్లబడిన మద్ది కర్ర మంచం ఆమె కళ్ళలో అలాగే నిలిచిపోయాయి. ఫోను చేసి అడిగితే గంగక్క సంతోషంగా ఒప్పుకుంది. బదులుగా పరుపుతో సహా ఒక కొత్త ఇనప మంచం ఇచ్చేటట్టు మాట అయింది.

ఈ సంగతి విన్న షాలేమ్‌రాజు తల్లి ఆరోగ్యమ్మ బుగ్గ మీద చేయి పెట్టుకుంది. "కొత్త మంచం ఇచ్చి పాత మంచం తెచ్చుకునేటోళ్ళను గీ అరవై ఐదేండ్లల్ల చూడలే. నేనూ వస్త. కండ్లతోని చూస్తేగాని నమ్మ" అని, శుక్రవారం అందరికంటే ముందే పోయి ట్రాలీ ఆటోలో డ్రైవరు రాంబాబు పక్క సీటు పట్టేసింది. కొడుకూ కోడలూ వెనక ఇనప మంచంతో పాటు కూర్చున్నారు.

గంగక్క ఇల్లు కనబడగానే తబిత నడక ఆగిపోయింది. ఎండ పడిన చోట ఆ గోడ పండు మిరప రంగులో, నీడ ఉన్న చోట ఇటుక పొడి రంగులో ఉంది. కింద జానెడు మేర నల్లటి అంచు. దాని మీద సున్నంతో ఒక తెల్లటి గీత. ఆ గీత స్కేలు పెట్టి గీసినట్టు లేదు. చేయి ఎక్కడ అలసిందో అక్కడ కొంచెం వంగి, మళ్ళీ సర్దుకొని ముందుకు పోయింది.

"అక్కా, గీ గీత దేనితోని గీసినవ్?" అని అడిగింది తబిత, గొంతు తగ్గించి.

"దేనితోనేంది టీచరమ్మా? ఏలుతోనే. ఏలుకు గుడ్డ సుట్టి, సున్నంల ముంచి, నడుసుకుంట పోతే అదే పడ్తది" అంది గంగక్క.

తబిత ఫోటోలు తీయడం మొదలుపెట్టింది. ఒక దానిలో గోడ నారింజ రంగులో వచ్చింది, ఇంకో దానిలో బెల్లం రంగులో వచ్చింది. తన ఫోనులో ఛార్జి అయిపోతే భర్త ఫోను తీసుకుంది. అది కూడా కాసేపటికి చచ్చిపోయింది. అంతసేపూ నవ్వుతూ చూసిన గంగక్క లోపలికి పోయి ఒక ఎర్రమన్ను గడ్డ తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. "ఫోనుల ఏముంటది? గిది కొంచవో."

గోడ రంగును ఎలా తెస్తారో షాలేమ్‌రాజుకు అప్పుడు అర్థమైంది.

ఇక మంచం వంతు. గంగక్క భర్త దూలయ్య వాకిట్లో దుప్పటి కప్పిన మంచం దగ్గర పెళ్ళికొడుకు తండ్రిలా నిలబడి ఉన్నాడు. అందరూ వచ్చాక దుప్పటి లాగాడు. తబిత కళ్ళు పెద్దవయ్యాయి. నల్లటి పాత మంచం లేదు. దాని చోట తళతళ మెరుస్తూ కొత్త మంచం ఉంది.

"వారం దినాలు పనికి పోలే" అన్నాడు దూలయ్య. "మంచం కోళ్ళు, పట్టెలు మొత్తం చిత్రిక పట్టిన. ఇప్పనూనె రుద్దిన. కొత్త నులక అల్లిన. పట్నం ఇంటికి పాతది పంపితే మా ఇజ్జత్ ఏంగావాలె?"

తబిత మంచం దగ్గరికి వచ్చింది. తర్వాత వంగి పట్టె మీద అరచేయి పెట్టి మెల్లగా నిమిరింది. నలుపు పోయిన చోట తేనె రంగు చారలు బయటపడ్డాయి. నులక అల్లిక చేప పొలుసుల్లా వరసలు వరసలుగా ఉంది. "ఏమండి, ఇది నేననుకున్న దానికంటే మంచిగుంది" అంది భర్తతో. ఆ మాట దూలయ్య కోసం అన్నది కాదని షాలేమ్‌రాజుకు ఆమె ముఖం చూస్తే తెలిసింది.

"ఇప్పుడు సరిపోయింది" అంది ఆరోగ్యమ్మ, గంగక్క ఇచ్చిన జామకాయ కొరుకుతూ. "కొత్తది ఇచ్చి కొత్తదే తీస్కపోతున్నం."

తిరుగు ప్రయాణంలో కొంత దూరం వచ్చాక రాంబాబు బండి ఆపి వెనక్కి వచ్చాడు. "అన్నా, ఒక మాట. గిది కొత్త కర్ర లెక్క మెరుస్తంది. ముందల అటవీ చెక్‌పోస్టు ఉంది. కాయితం లేని కొత్త కర్ర అంటే ఆఫీసరు వచ్చేదాక ఆడనే దింపిస్తరు. ఆయన సోమవారం గాని రాడు."

"సోమవారమా?" అంది తబిత. మన్ను గడ్డను ఒడిలో పెట్టుకొని మంచం పట్టెను గట్టిగా పట్టుకుంది. ఆ చేతిని చూశాక షాలేమ్‌రాజు మనసు నిలకడ తప్పింది.

చెక్‌పోస్టులో గార్డు పేరు హీరాలాల్. నెరిసిన మీసం, మెత్తటి మాట. మంచం చుట్టూ తిరిగి చూశాడు. ఒక కోడు పట్టుకొని కొంచెం పైకి లేపాడు. దించాడు. ఏదో చెప్పబోయి నోరు తెరిచాడు. అతని నోట మాట రాకముందే షాలేమ్‌రాజు అందుకున్నాడు.

"మా అమ్మది సార్! ఇరవై ఏండ్ల సంది గిదే మంచం. ఆమెకు పానం మంచిగ లేదు. ఇది లేకుంటే నిద్ర పట్టదు. దవాఖానకు గూడ దీని మీదనే తీస్కపోతం!"

హీరాలాల్ ముఖం మారిపోయింది. "అమ్మ ఏది?"

ఆరోగ్యమ్మ చెక్‌పోస్టు వెనక కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటోంది. షాలేమ్‌రాజు అక్కడికి పరుగెత్తాడు.

"అమ్మా, జర మంచం మీద పండుకో."

"ఎందుకురా? నాకేమైంది?"

"తబిత ఆదివారానికి ఆ మంచం మీద ఎంత ఆశ పెట్టుకుందో తెల్వదా నీకు?"

"నన్ను అబద్ధమాడమంటవా?"

"నువ్వేం మాట్లాడకు. పండుకో, సాలు."

ఆరోగ్యమ్మ కాసేపు ఆలోచించింది. "పండుకునుడు అబద్ధం గాదు" అని తనకు తానే తేల్చుకుంది. అంతే, కొడుకు ఆమెను అమాంతం చేతుల మీద ఎత్తుకొని, రొప్పుతూ వచ్చి మంచం మీద పడుకోబెట్టాడు. ఆమె కళ్ళు గట్టిగా మూసుకొని, కొడుకు పాపం క్షమించమని లోలోపల ప్రార్థన మొదలుపెట్టింది. పెదవులు కదులుతున్నాయి. కళ్ళ చివరల నుంచి నీళ్ళు కారుతున్నాయి.

హీరాలాల్ టోపీ తీశాడు. "ఇంటోళ్ళకు చెప్పిండ్రా?"

"మా ఫోన్లు బందైనయి సార్."

"నంబరు చెప్పున్రి, నేను చేస్త."

షాలేమ్‌రాజు తల్లి పేరూ, పాస్టరు గారి నంబరూ చెప్పాడు. ఆ నంబరు తెలివిగానే చెప్పాడు. శుక్రవారం సంఘంలో ఉపవాస ప్రార్థన ఉంటుంది. అది అయ్యేదాకా పాస్టరు గారి ఫోను ఎప్పుడూ మోగదు. కానీ ఆ రోజు పాస్టరు గారు పని మీద మధిర పోతూ ఫోను భార్యకు ఇచ్చిపోయారు. పాస్టరమ్మకు దాన్ని బందు చేయడం రాదు. ఎత్తడమంటే గట్టిగా వినబడే మీట నొక్కడమే అనుకుంటుంది. అందువల్ల హీరాలాల్ మెత్తటి మాట ఉపవాసంతో ఉన్న అరవై మంది ఆడవాళ్ళకూ ఒక్కసారే వినబడింది.

"అమ్మా, ఆరోగ్యమ్మ గారిని మంచం మీద తీస్కొస్తున్నరు. పెదవులు కదులుతున్నయి గానీ మాట లేదు. మీరు జర తయారుగ ఉండున్రి."

తర్వాత హీరాలాల్ తన గొడుగు తెచ్చి ఆరోగ్యమ్మ ముఖానికి ఎండ తగలకుండా మంచం కోడుకు కట్టాడు. నీళ్ళ సీసా ఇచ్చాడు. గేటు దగ్గర ఇంకో మనిషిని ఉంచి, మోటారుసైకిలు మీద హారను కొడుతూ అడవి దాటేదాకా ముందు సాగాడు. "ఎంత మంచోడు" అంది తబిత. భర్త వైపు మాత్రం చూడలేదు. హీరాలాల్ వెనక్కి తిరిగిపోయాక తల్లిని లేపబోతే ఆమె లేవలేదు. నిజంగానే నిద్రపోయింది. గురక కూడా వస్తోంది.

ఖమ్మంలో ఫ్లాటు ముందుకు వచ్చేసరికి అక్కడ షామియానా వేసి ఉంది. సంఘం తెల్ల ప్లాస్టిక్ కుర్చీలు వరసలుగా ఉన్నాయి. తెల్ల చీరల్లో ఆడవాళ్ళు కన్నీళ్ళు తుడుచుకుంటూ పాట పాడుతున్నారు. ఆ పాటకు ఆరోగ్యమ్మకు మెలకువ వచ్చింది. గొడుగు పక్కకు తోసి, మంచం మీద లేచి కూర్చుని, చుట్టూ చూసి జాలిగా అడిగింది.

"ఎవలు పోయిండ్రు బిడ్డా?"

పాట ఆగిపోయింది. ముందు వరసలో ఉన్న పాస్టరమ్మ నోట మాట జారిపోయింది. "నువ్వే!"

రెండు కుర్చీలు విరిగాయి. ఒకామెకు నీళ్ళు చల్లాల్సి వచ్చింది. తేరుకున్నాక పాస్టరమ్మ రెండు చేతులూ పైకెత్తి, "అరవై మందిమి ప్రార్థన చేస్తే లేచి కూసుంది!" అని ప్రకటించింది. ప్రార్థనతోనే లేచానని ఆదివారం కొత్త ఇంట్లో ఆరోగ్యమ్మ సాక్ష్యం చెప్పాలని అక్కడికక్కడే తీర్మానమైంది. వెంటనే పాస్టరమ్మ ఫోను వచ్చిన నంబరుకే తిరిగి చేసి, "నువ్వు కండ్లార చూసినోనివి, నువ్వూ రావాలె తమ్మీ" అని హీరాలాల్‌ను కూడా పిలిచింది.

అందరూ వెళ్ళాక తబిత నోరు విప్పింది. "పదకొండేండ్లు ఆగి తెచ్చుకున్న మొదటి సామాను ఏమండి. అబద్ధం మీద ఎక్కి వచ్చింది."

"మంచం పోతే నీ మనసు కష్టపడ్తదని..."

"మంచం పోతే చాప వేసుకుందుము. ఆదివారం అందరి ముందల మీరే చెప్పాలె."

షాలేమ్‌రాజు తల ఊపాడు.

శనివారం రంగుల దుకాణంలో మిషను మన్ను గడ్డను చూసి నాలుగు సార్లు నాలుగు రంగులు కలిపింది. నాలుగూ తబిత వద్దంది. ఐదోసారి ఆ గడ్డను తడిపి, "మీరు ఎండిన మన్ను చూస్తున్నరు. గోడ అలికినప్పుడు తడి మీద తెలుస్తది అసలు రంగు" అని చెప్పింది. దుకాణదారు ఆమెను కొత్తగా చూశాడు. సాయంత్రానికి హాలులో ఒక గోడ ఎర్రబడింది. మిగతా మూడూ తెల్లగానే ఉంచింది. కింద నల్ల అంచు ఆరాక, వేలికి గుడ్డ చుట్టుకొని ఈ చివర నుంచి ఆ చివర దాకా నడుస్తూ తెల్ల గీత గీసింది. షాలేమ్‌రాజు గిన్నె పట్టుకొని పక్కనే నడిచాడు. గీత మధ్యలో ఒకచోట కొంచెం వంగింది. ఆ వంపు దగ్గర ఆమె నవ్వుకోవడం చూసి, ఈ మనిషికి ఇన్నేళ్ళూ ఒక్క గోడ కూడా ఇవ్వలేకపోయానే అనుకున్నాడు. గోడ ముందు మంచం వేశారు. ఇంకేమీ పెట్టలేదు. ఇంకేదీ కావాలనిపించలేదు.

ఆదివారం వచ్చినవాళ్ళు గుమ్మంలోనే ఆగిపోయారు. "సినిమావాళ్ళ ఇల్లు లెక్క ఉందే" అంది ఒకామె. "కాదు, మా అమ్మమ్మ ఇల్లు లెక్క ఉంది" అంది ఇంకొకామె. పాస్టరు గారు కుర్చీ వద్దని గోడకు ఎదురుగా కింద కూర్చున్నారు. అప్పుడే హీరాలాల్ ఇస్త్రీ చొక్కా వేసుకొని, ఒక బుట్ట సీతాఫలాలతో వచ్చాడు. అతన్ని చూడగానే షాలేమ్‌రాజు లేచి నిలబడ్డాడు. అతను నోరు విప్పేలోపే ఆరోగ్యమ్మ లేచింది.

"నాకు ఏ రోగం లేదు" అంది సూటిగా. "నా కొడుకు మంచం కోసమని నన్ను ఎత్తి పండవెట్టిండు. నేను నోరు మూసుకున్న. వానిదీ తప్పే, నాదీ తప్పే. మంచిగ నిద్ర పట్టిన మాట మాత్రం నిజం. దానికి దేవునికి స్తోత్రం."

పాస్టరమ్మ స్తోత్రమని ఎత్తబోయిన చేతులను మెల్లగా దించుకుంది. "నాదే అసలు తప్పు సార్. మంచం ఆపుతరేమోనని భయపడ్డ" అన్నాడు షాలేమ్‌రాజు హీరాలాల్‌తో, చేతులు కట్టుకొని.

హీరాలాల్ బుట్ట కింద పెట్టాడు. "అది పాత కర్ర అని నాకు కోడు లేపంగనే తెలిసింది సార్. కొత్త కర్ర గంత తేలిగ్గ లేవదు. పైన ఎంత చిత్రిక పట్టినా, తాడు ఒరుసుకున్న గుంతలు యాడికి పోతయి? 'పాతదే, పోన్రి' అందామని నోరు తెరిచిన. గంతల మీరు మొదలువెట్టిండ్రు."

"మరి తర్వాతన్న చెప్పకపోయిండ్రు?"

"పెద్దమ్మను గట్ల ఎత్తుకొచ్చినంక మంచం ఎవనికి యాదికుంటది? నాకు కాళ్ళు చేతులు ఆడలే."

మొదట పాస్టరు గారు నవ్వారు. తర్వాత ఎవరూ ఆపుకోలేకపోయారు. తబిత కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. ప్రార్థన అయ్యాక హీరాలాల్ ఆ గోడను చాలాసేపు చూసి, తన భార్య యశోదకు చూపిస్తానని ఫోటో తీసుకున్నాడు. "ఫోటోల రంగు సక్కగ రాదన్నా" అని చెప్పి తబిత మిగిలిన మన్ను గడ్డలో సగం విరిచి ఇచ్చింది.

మెట్ల దాకా సాగనంపుతూ షాలేమ్‌రాజు ఉండబట్టలేక అడిగాడు. "సార్, ఆ దినం మీ పుస్తకంల ఏం రాసిండ్రు?"

"ఉన్నదే రాసిన" అన్నాడు హీరాలాల్. "మంచం ఒకటి, పెద్దమ్మ ఒకరు. రెండూ పాతయే, పోనిచ్చినం."