కొండ కనబడినట్టు రాయవలెను

రక్షిత అరణ్యంలో గాలి ఎంత శుభ్రంగా ఉందో తెలుసుకోవడానికి మనవాళ్లు కనిపెట్టిన పద్ధతి చాలా గొప్పది. రోజూ ఉదయం ఎనిమిదింటికి పరిశీలకుడు ఆఫీసు డాబా ఎక్కాలి. పసుపు రంగుతో గీసిన రెండు పాదాల గుర్తుల మీద నిలబడాలి. మూడు మైళ్ల అవతల ఉన్న కొండ వైపు చూడాలి. రిజిస్టరులో "కనబడింది" అనో, "కనబడలేదు" అనో రాయాలి. మూడో మాటకు గడి లేదు.

పరిశీలకుడు పదకొండేళ్లు "కనబడింది" అని రాశాడు. అందరూ సుఖంగా ఉన్నారు. నిరుడు ఉన్నట్టుండి "కనబడలేదు" అని మొదలెట్టి, వరసగా ఎనిమిది నెలలు అదే రాశాడు. కొండ దిక్కు నుంచి ఢాంఢాం చప్పుళ్లు వస్తున్నాయని ఒకరోజు అంచున రాస్తే, చప్పుళ్లు మన శాఖ పరిధిలోకి రావని ఎర్రసిరాతో కొట్టేశారు. అతనిది ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం. పొడిగింపు కాగితం ఆ ఎనిమిదో నెలాఖరుకే సంతకానికి వెళ్లాలి. అయినా అలా రాశాడంటే పోయేకాలం కాక మరేమిటి? అతని భార్య కూడా ఆ మాటే అంది.

"కనబడిందని రాస్తే మీ చెయ్యి అరిగిపోతుందా? ఆ కొండేమైనా మీకు మేనమామా?"

"కనబడనిదాన్ని కనబడిందని ఎలా రాయనే?"

"అందరూ రాసినట్టే!"

శాఖ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ముందుగా అతని కళ్లు పరీక్ష చేయించింది. కంటి డాక్టరు చీమ తలకాయంత అక్షరాలు కూడా చదివించి, "కళ్లు లక్షణంగా ఉన్నాయి" అన్నాడు. డాక్టరు కళ్లు ఎలా ఉన్నాయో చూడాలని వెంటనే ఫైలు కదిలింది.

తరువాత గాలిని కొలిచే యంత్రం తెప్పించారు. అంత మంచి యంత్రం దుమ్ము పట్టి పాడైపోతే ఎలా? స్టోర్సు గుమాస్తా దానికి మందపాటి ప్లాస్టిక్ తొడుగు కుట్టించి, మూతి దగ్గర తాడుతో బిగించి కట్టాడు. ఆనాటి నుంచి ఆ యంత్రం చూపించినంత శుభ్రమైన గాలి భూమ్మీద మరెక్కడా లేదు. గుమాస్తాకు సభ పెట్టి ప్రశంసాపత్రం ఇచ్చారు. చప్పట్లలో సగం దగ్గులే.

"మిత్రులారా!" అన్నారు పెద్దసారు. "మన గాలి శుభ్రంగా ఉందని యంత్రం చెబుతోంది. యంత్రానికి అబద్ధమాడాల్సిన ఖర్మేమిటి? కొత్త రోడ్డు పడ్డాక సందర్శకులు రెట్టింపయ్యారు. కొండ అక్కడే ఉంది, ఉంటుంది! కనబడకపోతే అది కొండ తప్పా?" అని, నోట్లో దగ్గుబిళ్ల వేసుకుని కూర్చున్నారు.

మర్నాడే ఉత్తర్వు వచ్చింది: "ఇకమీదట కొండ కనబడినట్టు రాయవలెను. నిజంగానే కనబడిన రోజున ఆ సంగతి విడిగా తెలియజేయవలెను."

పరిశీలకుడు తల వంచాడు. వారం రోజులు బుద్ధిగా "కనబడింది" అని రాశాడు. పొడిగింపు కాగితం పెద్దసారు బల్ల మీదికి చేరింది. ఆయన పెన్ను మూత తీయడమే తరువాయి.

అంతలో వాన పట్టుకుంది. మూడు రోజులు కురిసి నాలుగో నాడు వెలిసేసరికి ఆకాశం కడిగిన అద్దంలా ఉంది. ఎనిమిది నెలల తరువాత కొండను చూడబోతున్నానని పరిశీలకుడు భార్యను కూడా డాబా మీదికి లాక్కెళ్లాడు.

"ఏదండీ కొండ?"

అతను కళ్లు నులుముకుని మళ్లీ చూశాడు. దూరంగా కంకర మిల్లులు, బారులు తీరిన లారీలు, వాటి వెనక ఇంత గొయ్యి, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. పదకొండేళ్లు పొద్దున్నే పలకరించిన ముఖం లేదు. అతనికి ఏడుపొచ్చింది. ఏడ్చాడు. భార్య ఈసారి ఏం రాయాలో చెప్పలేదు. రిజిస్టరు అతని చేతికిచ్చి పక్కన నిలబడింది.

"గాలి శుభ్రం. చూపు ఆనినంత మేరా అంతా కనబడింది. కొండ లేదు" అని రాశాడు.

గడి లేని మూడో మాట రాసినందుకు సాయంత్రానికల్లా అతన్ని ఇంటికి పంపేశారు. ఇప్పుడు పసుపు పాదాల మీద గుమాస్తా నిలబడుతున్నాడు. కొండ రోజూ కనబడుతోంది.

అంత కొండా ఏమైపోయిందని మీరు కంగారు పడకండి. మొన్న సెలవులకు ఆ అడవి చూడ్డానికి మనమంతా కార్లేసుకుని జుయ్యిమని వెళ్లామా? "అబ్బ, ఎంత నున్నటి రోడ్డో!" అని పిల్లలకు చూపించి మరీ మెచ్చుకున్నామా? అదే కొండ. అంత దగ్గరగా దాన్ని చూసినవాళ్లు మనకు ముందు ఎవరూ లేరు.

ఏం, కనబడలేదూ?