ఎడమ చివరి తువ్వాలు

కోస్తా బేస్‌బాల్ లీగ్‌లో ఆ ఏడాది ఉత్తమ ఆటగాడి అవార్డు వాసంశెట్టి నూకరాజు తువ్వాలుకు వచ్చింది. నూకరాజుకు కాదు. పత్రికలవాళ్ళు ఈ తేడాను మొదటి రోజే స్పష్టంగా రాశారు కాబట్టి ఎవరూ కంగారు పడలేదు. నూకరాజు ఒక్కడే కాస్త కంగారు పడ్డాడు. అతను మొదటి నుంచీ కంగారు మనిషేనని లీగ్ క్రమశిక్షణ సంఘానికి తెలుసు కనుక అదీ ఎవరూ పట్టించుకోలేదు.

నూకరాజు కాకినాడ జట్టులో మైదానానికి ఎడమ చివర నిలబడేవాడు. కర్రదెబ్బకు ఆకాశంలోకి లేచిన బంతి కింద పడకుండా పట్టుకోవడం అతని పని. ఆ పని అతనికి ప్రాణం. బంతి పైకి లేవగానే అన్నం, అప్పు, అత్తగారు అన్నీ మరిచిపోయి పరిగెత్తేవాడు. అయితే పట్టుకున్నాక కేకలు పెట్టేవాడు, అంపైర్ కాదంటే టోపీ విసిరికొట్టేవాడు. అందుకని ఎన్ని బంతులు పట్టినా క్రమశిక్షణ సంఘం అతని పేరు అవార్డు దాకా రానిచ్చేది కాదు. సంఘం లెక్కలో ఆట వేరు, నడవడిక వేరు; అవార్డు రెండోదానికే.

వేసవిలో సమ్మె వచ్చింది. కర్ర పట్టినవాడి వెనక కూర్చుని బంతి అందుకునే గంగరాజుకు మ్యాచ్ ముందు కసరత్తు చేస్తుండగా భుజం జారింది. మ్యాచ్ ఇంకా మొదలు కాలేదు కనుక అప్పటికి ఆ భుజం తమది కాదని లీగ్ చెప్పింది. అన్ని జట్ల ఆటగాళ్ళూ ఒక్కటయ్యారు. గంగరాజుకు వైద్యం చేయించాలి, మైదానంలో నీడ కావాలి, మంచినీళ్ళు కావాలి అన్నారు. ఆటగాళ్ళ యూనియన్‌కు కార్యదర్శి కోలా అబ్బులు. బంతి విసిరేది కూడా అతనే. తుని నుంచి కొత్త కుర్రాళ్ళను వ్యానులో దింపి లీగ్ ఆట కానిచ్చేస్తుందని అతనికి అనుమానం వచ్చింది.

"మనం బస్సులో సీటెలా ఆపుకుంటాం? కిటికీలోంచి తువ్వాలేత్తాం. ఇంకెవడైనా కూకుంటాడా అందులో? ప్రాణం పోయినా కూకోడు" అన్నాడు అబ్బులు. "ఎవడి చోట్లో ఆడు తువ్వాలేసి బయటికొచ్చెయ్యండి. అంతే."

అందరూ అలాగే చేశారు. నూకరాజు తన ఎర్రగళ్ళ తువ్వాలును ఎడమ చివర పరిచాడు. సముద్రం గాలికి ఎగిరిపోతుందేమోనని ఒక మూల గులకరాయి పెట్టి ముడివేశాడు. అతని భార్య భవాని పెరట్లో బట్టలారేసినప్పుడు అలాగే చేస్తుంది.

అబ్బులు అనుకున్నట్టే తుని కుర్రాళ్ళు వచ్చారు. మైదానం గీత దగ్గర నిలబడి లోపలికి తొంగి చూశారు. "ఎవరో ఉన్నారండీ" అని మర్యాదగా చెప్పి, వచ్చిన వ్యానులోనే వెళ్ళిపోయారు. లీగ్ సెక్రటరీ దంతులూరి రాజుగారు ఆ మాట విని ఆలోచనలో పడ్డారు. ఆయన లా చదువుకున్న మనిషి. ఎవరో ఉన్నారంటే ఉన్నట్టే కదా అన్నారు. ఉన్నప్పుడు సమ్మె ఎక్కడిది? అంపైర్ యోహానును పిలిచి ఆట మొదలుపెట్టమన్నారు. యోహాను నిదానస్తుడు. మైదానమంతా ఒకసారి కలియదిరిగి, తువ్వాళ్ళన్నీ వాటి వాటి చోట్లలో ఉన్నాయని తేల్చుకుని, ఈల ఊదాడు.

ఆ మ్యాచ్ ఏలూరు జట్టుతో. ఏలూరు తువ్వాలు బంతి విసరలేదు, కాకినాడ తువ్వాలు కర్ర ఎత్తలేదు. ఎవరూ కొట్టలేదు కనుక ఎవరూ బంతి వదిలెయ్యలేదు. చివరికి రెండు జట్లూ సమానంగా నిలిచాయి. సమానంగా నిలిస్తే నడవడిక బట్టి విజేతను తేల్చాలని లీగ్ నియమం. సాయంత్రం గాలి లేచి ఏలూరు తువ్వాలు ఒకటి గోడ దాటి వెళ్ళిపోయింది. అనుమతి లేకుండా స్థానం వదిలినందుకు దాన్ని యోహాను ఆట నుంచి తప్పించాడు. కాకినాడ గెలిచింది. జనం బాగానే చప్పట్లు కొట్టారు. ఇంత శుభ్రమైన ఆట ఈ మధ్య చూడలేదని పెద్దవాళ్ళు అన్నారు.

ఆ సీజనంతా అలాగే నడిచింది. కొన్ని తువ్వాళ్ళు ఎగిరాయి, కొన్ని ముడుచుకున్నాయి, రాజోలు జట్టు తువ్వాలు ఒకదాన్ని మేక నమిలేసింది. నూకరాజు తువ్వాలు మాత్రం అంగుళం కదల్లేదు. అంపైర్‌తో వాదించలేదు, ఉమ్మెయ్యలేదు, టోపీ విసరలేదు. గులకరాయి మీద పాలకొల్లువాళ్ళు ఫిర్యాదు చేశారు, అది శక్తినిచ్చే నిషిద్ధ పదార్థమని. రాయిని పరీక్షకు పంపారు. మామూలు రాయేనని తేలింది.

జీతాలు కూడా ఆగలేదు. తువ్వాళ్ళు రోజూ పనిలో ఉన్నాయి కనుక వాటి జీతం వాటికి వచ్చేది, వాటి తరఫున ఇంట్లోవాళ్ళు తెచ్చుకునేవారు. సమ్మె చేస్తూ జీతం తీసుకోవడం కార్మికోద్యమంలోనే గొప్ప ముందడుగని అబ్బులు గేటు బయట టెంటులో ఉపన్యాసం ఇచ్చాడు. అందరూ పిడికిళ్ళు ఎత్తారు. నూకరాజు కూడా ఎత్తాడు గానీ చూపు మాత్రం గేటు సందులోంచి ఎడమ చివరకే పోతోంది. అతనికి అక్కడికి వెళ్ళాలని ఉంది. పైకి లేచిన బంతి కింద నిలబడాలని ఉంది. ఇంకేమీ వద్దనిపించేది.

అవార్డు సభ ఘనంగా జరిగింది. తువ్వాలును వేదిక మీద కుర్చీలో కూర్చోబెట్టి, దాని మీద శాలువా కప్పారు. "ఎదిగినకొద్దీ ఒదిగి ఉండడం ఈ ఆటగాడిని చూసి నేర్చుకోవాలి" అని రాజుగారు చెప్పి, ఒదిగిన తువ్వాలును మళ్ళీ సరిగ్గా మడతపెట్టారు. నూకరాజు ఇదంతా భవాని ఫోనులో చూశాడు.

"నన్ను పిలవలేదే" అన్నాడు.

"మిమ్మల్ని పిలిత్తే ఊరుకుంటారా మీరు? ఎవరో ఒకరితో గొడవ పెట్టుకుంటారు" అంది భవాని. "చూడండి, ఎంత బుద్ధిగా కూకుందో. పిల్లలు మురిసిపోతన్నారు."

తర్వాతి వారం లీగ్ అన్ని డిమాండ్లకూ ఒప్పేసుకుంది. ఒక్క మాట కూడా బేరమాడలేదు. టెంటు ముందు డప్పులు మోగాయి, అబ్బులును భుజాల మీదికెత్తి ఊరేగించారు. మర్నాడు పొద్దున్నే కొత్త సీజనుకు ఆటగాళ్ళంతా చొక్కాలు ఇస్త్రీ చేయించుకుని మైదానానికి వెళ్ళారు. నూకరాజు అందరికన్నా ముందు వెళ్ళాడు. గీత దగ్గర యోహాను చెయ్యి అడ్డం పెట్టాడు.

"మీ చోట్లో మనిషున్నారండి."

"ఎవరు?"

"మీరేనండి."

నూకరాజు తువ్వాలు వైపు చూశాడు. దాని పక్కన కొత్త గొడుగు పాతి ఉంది, గొడుగు కింద మంచినీళ్ళ కూజా ఉంది. ఒప్పందం ప్రకారం మైదానంలో ఉన్నవాళ్ళకు నీడ, నీళ్ళు ఇచ్చారు. గంగరాజు తువ్వాలు భుజం పక్క కాస్త చిరిగి ఉండడంతో దాన్ని మెయిన్ రోడ్డులో పేరున్న టైలరు దగ్గరికి తీసుకెళ్ళి రఫ్ఫు చేయించారు, ఖర్చంతా లీగ్‌దే. గంగరాజు ఈ వార్త విని, బాగున్న చేత్తో వాలిపోయిన చేతిని పట్టుకుని, "మంచిదేలెండి" అన్నాడు.

నూకరాజుకు ఒళ్ళు మండింది. నేరుగా రాజుగారి ఆఫీసుకు వెళ్ళాడు. "అది నా తువ్వాలండి బాబూ! నేనేసిందే! తీసేసి నేను నిలబడతానంటే ఎవరండీ వద్దనేది?"

"మీదే. కాదన్నామా?" అన్నారు రాజుగారు. "కానీ ఆడుతున్న ఆటగాణ్ణి చెయ్యి పట్టుకుని బయటికి లాగడం తప్పు కదా నూకరాజూ. అదీ అవార్డు వచ్చినవాణ్ణి."

రాజుగారు దయగల మనిషి. పోల్చి చూసుకుందాం అని, తువ్వాళ్ళకు ఆ ఆదివారం విశ్రాంతినిచ్చి, మనుషులతో ఒక మ్యాచ్ పెట్టించారు. అబ్బులు విసిరాడు, ఏలూరువాడు బలంగా కొట్టాడు. బంతి ఎండలోకి లేచింది. నూకరాజు వెనక్కి చూడకుండా పరిగెత్తి, గోడ దగ్గర గాల్లోకి ఎగిరి, పడిపోతూ పట్టుకున్నాడు. మోచేతులు చెక్కుకుపోయాయి. నెలల తర్వాత ఆ బరువు అరచేతికి తగిలేసరికి అతనికి ఏడుపొచ్చింది. లేచి గట్టిగా కేక పెట్టాడు.

గ్యాలరీలో ఎవరూ కదల్లేదు. ఆ మనిషి ఎందుకు పరిగెత్తాడని ఒకాయన పక్కాయన్ని అడిగాడు. పక్కాయనకూ తెలియలేదు. ఆట ముగిశాక క్రమశిక్షణ సంఘం అక్కడికక్కడే సమావేశమై, నూకరాజు స్థానం వదిలాడని, అరిచాడని, నేలను పాడుచేశాడని తేల్చింది. మిగతా ఆటగాళ్ళ మీదా ఇలాంటి అభియోగాలే ఉన్నాయి. సోమవారం నుంచి తువ్వాళ్ళు తిరిగి వచ్చాయి.

ఆ ఆదివారం మైదానంలోంచి బయటికి వస్తుంటే యోహాను నూకరాజును పక్కకు పిలిచాడు. యోహానుకు ఆ క్యాచ్ నచ్చింది, పైకి చెప్పడానికి లేదు గానీ. "ఒక దారుందండి. తువ్వాలు దానంతటది లెగిసిపోతే చోటు ఖాళీ అయినట్టే. అప్పుడు ముందుగా ఎవరెళ్ళి నిలబడితే ఆళ్ళది. మీరు మాత్రం దాని మీద చెయ్యెయ్యకూడదు."

ఆ రోజు నుంచి నూకరాజు గాలి కోసం కాచుకున్నాడు. పొద్దున లేస్తూనే కొబ్బరాకుల వైపు చూసేవాడు. గాలి రోజూ వచ్చేది, తువ్వాలు అంచులు లేచేవి, గులకరాయి మాత్రం కదిలేది కాదు. అంత గట్టిగా ముడివేసిన తన చేతుల్నే అతను తిట్టుకునేవాడు.

ఈలోగా ఊళ్ళో మార్పులు జరిగాయి. తువ్వాళ్ళ ఆటకు తాము అంతసేపు కూర్చోవడం దేనికని జనం సీట్లలో కర్చీఫులు వేసి ఇళ్ళకు పోవడం మొదలుపెట్టారు. హాజరు బాగా పెరిగింది. బడిలో నూకరాజు కొడుకును అవార్డు ఆటగాడి అబ్బాయని ముందు వరసలో కూర్చోబెట్టారు. ఇంటి ఓనరు భవానిని "అమ్మా" అని పిలవసాగాడు. పెళ్ళిళ్ళకు పిలుపులు తువ్వాలు పేరునే వచ్చేవి. నూకరాజు జతగా వెళ్ళి భోంచేసి వచ్చేవాడు.

కార్తీకంలో వాయుగుండం పట్టింది. పోర్టులో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. నూకరాజు చెప్పులు కూడా వేసుకోకుండా బయల్దేరాడు.

"ఇంత గాల్లో ఎక్కడికండీ?" అంది భవాని.

"నా చోటు ఖాళీ అవుద్దే ఇయ్యాల!" అన్నాడు. అతని మొహం వెలిగిపోతోంది. భవాని గుమ్మం పట్టుకుని నిలబడింది.

మైదానంలో మ్యాచ్ జరుగుతోంది. గ్యాలరీలో కర్చీఫులు ఎప్పుడో చెల్లాచెదురయ్యాయి. అబ్బులు తువ్వాలు, గంగరాజు తువ్వాలు వరసగా లేచి పోయాయి, యోహాను వర్షంలో తడుస్తూ ఒక్కొక్కదాన్నీ ఆట నుంచి తప్పిస్తున్నాడు. నూకరాజు గీత మీద నిలబడి ఎడమ చివరకే చూస్తున్నాడు. ఎర్రగళ్ళ తువ్వాలు అంచులు కొట్టుకుంటున్నాయి. ముడి వదులైంది. గులకరాయి దొర్లి పక్కన పడింది. తువ్వాలు ఒక్కసారిగా పైకి లేచింది.

నూకరాజు తన చోటు వైపే పరుగు తీశాడు. నిలబడితే చాలు. అడుగు దూరంలోకి వచ్చాడు. కానీ తల పైకి తిరిగింది. ఆకాశంలో ఏదైనా లేస్తే దాని వెనక పోవడం తప్ప అతని కాళ్ళకు వేరే చదువు రాలేదు. చోటు దాటేసి, వెనక్కి చూడకుండా, గోడ దాకా పరిగెత్తాడు. గోడ దగ్గర గాల్లోకి ఎగిరి, పడిపోతూ, దాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. జీవితంలో అంత మంచి క్యాచ్ పట్టలేదు. చూసినవాడు యోహాను ఒక్కడే.

నూకరాజు లేచి నిలబడ్డాడు. చేతిలో తువ్వాలు తడిసి బరువుగా ఉంది. ఎదురుగా అతని చోటు ఖాళీగా ఉంది, చుట్టుపక్కల ఎవరూ లేరు. యోహాను ఈల నోట్లో పెట్టుకుని ఎదురుచూస్తున్నాడు. బడిలో ముందు వరసలో కూర్చున్న కొడుకు, గుమ్మం పట్టుకుని నిలబడ్డ భవాని నూకరాజుకు గుర్తొచ్చారు. ఇన్నాళ్ళలో ఒక్క తప్పూ లేకుండా నిలిచిన పేరు అది. ఈ ఒక్క పూట గాలికి పోవడమంటే అన్యాయం అనిపించింది.

వెళ్ళి తన చోట్లో మోకాళ్ళ మీద కూర్చుని, తువ్వాలు పిండి, పరిచి, నాలుగు మూలలూ సరిచేశాడు. గోడ పక్క నుంచి ఇటుకలు తెచ్చి మూలకొకటి పెట్టాడు.

"లెగిసిందండీ?" అని యోహాను దూరం నుంచి అరిచాడు. అతని గొంతులో ఇంకా కాస్త ఆశ ఉంది.

"లేదండీ" అన్నాడు నూకరాజు. "ఇక్కడే ఉందండి."

యోహాను సరేనని తల ఊపి, బయటి మనుషులు మైదానంలో ఉండకూడదని గుర్తుచేశాడు. నూకరాజు క్షమించమని చెప్పి బయటికి వచ్చేశాడు. గేటు దగ్గర వాచ్‌మన్ గొనెసంచి కప్పుకుని నిలబడి ఉన్నాడు. నూకరాజు అతని పక్కన ఆగి, వానలోంచి ఎడమ చివరకు చెయ్యి చూపించాడు.

"చూశావా?" అన్నాడు, కొంచెం గర్వంగానే. "ఈ గాలికి మనిషైతే నిలబడేవోడు కాదు."