సీసాలో తుప్పు, సీలింగుకు పంకా

"స్టీమ్ పంకా" అని వినబడింది బాయిలర్ మేస్త్రికి.

వినబడాల్సింది అది కాదు. కానీ ముప్ఫయ్యేళ్ళుగా బాయిలర్‌తో సహవాసం చేసిన చెవులు ఏది వింటే అదే ఖాయం. ఆ సమయానికి సేఫ్టీ వాల్వు బుసకొడుతోంది. గోడ ఫోన్లో పై అంతస్తు నుంచి, సిబ్బంది చేత ఆటలూ పోటీలూ ఆడించే కల్చర్ మేడమ్ తీయగా మాట్లాడుతోంది. ఆ బుసకూ ఈ పాటకూ మధ్య మేస్త్రి చెవి దూర్చి, దొరికినంత ఏరుకున్నాడు.

ఆమె అన్నది ఇది: "శుక్రవారం అందరూ తలా ఒక ప్లాస్టిక్ బొమ్మ తేవాలి మేస్త్రిగారూ. దాన్ని స్టీమ్‌పంక్ చెయ్యాలి. రంగులు మేమిస్తాం. ఏది బాగుంటే దాన్ని హాల్లో పెడతాం."

ఆయన విన్నది ఇది: బుస్సు, బొమ్మ, బుస్సు, స్టీమ్ పంకా, బుస్సు, హాల్లో పెడతాం.

స్టీమ్‌పంక్ అంటే మరేం లేదు. నిన్న కొన్న ప్లాస్టిక్ సామానుకు రంగులేసి, ఆవిరి యంత్రాల కాలంనాటి ఇత్తడి సామానులా కనబడేట్టు చేసే ఫ్యాషను. పంకా అంటే మీకు తెలుసు. రెంటికీ ఏమిటి సంబంధం అంటారా? అదే చెప్పబోతున్నాను.

పాఠకులారా! ఉద్యోగుల చేత బొమ్మలకు రంగులేయించే కంపెనీలను చూసి మీరు నవ్వుతుంటారు. తప్పు! పనివేళల్లో ప్లాస్టిక్‌కు తుప్పు రంగు పూయడం మానవజాతికి పట్టిన మహాభాగ్యం. నమ్మకం కుదరకపోతే మేస్త్రి వెంట మెట్లు దిగి రండి. కాస్త ఉక్కగా ఉంటుంది, సర్దుకోండి.

అది ఆవిరి లాండ్రీ. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ళ తువాళ్ళు బళ్ళకొద్దీ వస్తాయి. కింది అంతస్తులో బట్టల్ని ఉతికి ఆరేస్తారు. పై అంతస్తులో సిబ్బందిని. బాయిలర్ గదిలో పుట్టిన ఆవిరి గొట్టాల గుండా పక్కనున్న ఇస్త్రీ హాలుకు పోతుంది. అక్కడ పధ్నాలుగు మంది ఆడవాళ్ళు. వాళ్ళకు పెద్ద, మేస్త్రిగారి భార్య. అంటే ఆయన బాయిలర్ మేస్త్రి, ఆవిడ ఇస్త్రీ మేస్త్రి. ఆయన పంపిన ఆవిరికే ఆవిడకు చెమట పడుతుంది. ఇంతటి ఆవిరి కాపడాన్ని కాపురమని పిలుచుకోవడం వాళ్ళకే చెల్లింది.

ఆ హాల్లో పంకా లేదు. సీలింగుకు కొక్కెం ఉంది. కట్టిన రోజు నుంచీ ఉంది. దానికి వేలాడాల్సింది మాత్రం లేదు. ఏడేళ్ళుగా అడుగుతున్నారు. అర్జీ పట్టుకుని గుమ్మం గుమ్మం తిరిగారు. పోయిన ఎండాకాలం ఇద్దరికి కళ్ళు తిరిగాయి. ఏటేటా అర్జీలు రాసి రాసి ఇస్త్రీ మేస్త్రికి చెయ్యి తిరిగింది. తిరగనిది పంకా ఒక్కటే! ప్రతి అర్జీకీ "పరిశీలనలో ఉన్నది" అని జవాబు. ఏడేళ్ళు పరిశీలనలో ఉంటే కాగితమైనా శిల అయిపోదా?

అందుకే మేస్త్రి ఫోన్ పెట్టేసి, చేతులైనా తుడుచుకోకుండా హాలుకు పరుగెత్తాడు. పంకా ఇస్తున్నారనీ, ముందుగా నమూనా బొమ్మ చేసి తెమ్మన్నారనీ చెప్పాడు. ఆవిడ ఇస్త్రీపెట్టె మీది నుంచి చూపు తిప్పలేదు.

"నీ చెవుల్ని నేను నమ్మనయ్యా. పెళ్ళిచూపుల్లో నా పేరే తప్పుగా విన్నావు."

"హాల్లో పెడతామన్నారే. ఆ మాట మటుకు వాల్వు నోరు మూశాకే విన్నాను."

"హాల్లోనే అన్నారా?"

"హాల్లోనే."

ఆవిడ తలెత్తి కొక్కెం వైపు చూసింది. ఎంతసేపు చూసిందంటే, కింద దుప్పటి మీద ఇస్త్రీపెట్టె గోధుమరంగు అచ్చు గుద్దేసింది. పందొమ్మిదేళ్ళ సర్వీసులో ఆవిడ మాడ్చిన మొదటి దుప్పటి అది.

మర్నాడు రంగుల పెట్టె దిగింది. అందులో నాలుగు సీసాలు. ఒకటి నలుపు, ఒకటి ఇత్తడి, ఒకటి రాగి. నాలుగోదాని మీద "తుప్పు" అని రాసి ఉంది.

మేస్త్రి ఆ సీసాను వెలుగుకు పెట్టి చూశాడు. మూత తీసి వాసన చూశాడు. ముప్ఫయ్యేళ్ళుగా ఆయన గరుకు కాగితం పట్టుకుని వెంటపడి తరిమింది దీన్నే. కిందటి నెల ఒక గొట్టం అతుకు దగ్గర చిటికెడు తుప్పు కనబడినందుకు పైనుంచి మెమో వచ్చింది, సంజాయిషీ ఇవ్వమని. ఇప్పుడదే పై అంతస్తు అదే తుప్పును సీసాలో పోసి, మూతపెట్టి, ఇదిగో పూసుకోమని పంపింది. కింద తుప్పు తప్పు. పైన తుప్పు ఒప్పు!

అయినా ఆయన మంచి మనిషి. మంచివైపే ఆలోచించాడు. ఇస్త్రీ హాల్లో ఆవిరికి పంకా ఎలాగూ తుప్పు పడుతుంది. పదేళ్ళ తర్వాత దాని మొహం ఎలా ఉంటుందో మేడమ్ ఇప్పుడే చూసుకోదలచింది కాబోలు. ఎంత ముందుచూపు! ఇలాంటి మనిషినా మనం వెనకాల ఎగతాళి చేసుకున్నది అని కాసేపు బాధపడ్డాడు కూడా.

ఆయన పొరబడ్డాడు గానీ, నేనడుగుతాను, సీసా తుప్పులో లోపమేముంది? అసలు తుప్పుకు ఏళ్ళు కావాలి, ఇనుము కావాలి, తడిలో నిలబడి పనిచేసే మనుషులు కావాలి. సీసా తుప్పుకు పది నిమిషాలు చాలు. గోకితే రాలదు, ఇనుమును కొరకదు, సంజాయిషీ అడిగించుకోదు. ఇదే దారిలో రేపు సీసాలో సర్వీసు వస్తుంది. నిన్న చేరిన ఆఫీసరు కణతల మీద రెండు చుక్కలు తెలుపు అద్దుకుంటే ముప్ఫయ్యేళ్ళ అనుభవం! సీసాలో చెమట వస్తుంది. ఏసీ గదిలో నుదుటి మీద చల్లుకుని ఫొటో దిగొచ్చు. కష్టం లేని కష్టం, పాతబడని పాతదనం! ఇంతకన్నా ప్రగతి ఎక్కడుంది?

సరే, బొమ్మ కావాలి కదా. పిల్లల వార్డు నుంచి వచ్చే దుప్పట్లలో చుట్టుకుని ఏవేవో వస్తుంటాయి. ఎవరివో కనుక్కుని తిరిగి పంపుతారు. ఎవరూ మాది అననివి ఒక డబ్బాలో పడి ఉంటాయి. అందులో తోక విరిగిన పసుపుపచ్చ హెలికాప్టరొకటి ఏడాదిగా ఉంది. కీ ఇస్తే రెక్కలు తిరుగుతాయి. మేస్త్రి దాని పొట్ట కోసి, రెక్కల్ని తలకిందులు చేసి, ఒక కాడకు బిగించాడు. హెలికాప్టరు పోయి పంకా మిగిలింది.

తర్వాత రెండు రోజుల భోజన విరామాలు దానికే. ముందు గరుకు కాగితంతో ప్లాస్టిక్ నిగనిగను చంపాడు. పైన నలుపు వేశాడు. ఆరాక కుంచెను ఇత్తడి రంగులో ముంచి, రంగంతా గుడ్డకు తుడిచేసి, పొడిపొడి కుంచెతో అంచుల మీద మాత్రం రుద్దాడు. పధ్నాలుగు మందీ పధ్నాలుగు సలహాలు ఇచ్చారు. రెక్కలు వెడల్పు చాలవంది ఒకామె. మూలబల్ల దాకా గాలి రావాలంది ఇంకొకామె, ఆ బల్ల ఆమెదే. స్విచ్చి కిందికి పెట్టమంది అందరిలోకీ పొట్టిది. బొమ్మకు స్విచ్చే లేదని చెప్పడానికి మేస్త్రికి మనసొప్పలేదు. ఒక బొత్తాం అతికించాడు.

తుప్పు దగ్గర మాత్రం ఎవరి మాటా వినలేదు. ఎక్కడపడితే అక్కడ పూయడానికి ఆయనకు చెయ్యి రాలేదు. తుప్పుకూ ఒక పద్ధతుంది. అతుకు కింద, నీటి చుక్క నిలిచే చోట మొదలవుతుంది. అక్కడి నుంచి సన్నగా కిందికి కారుతుంది. పైకి ఎగబాకదు. రాగి దగ్గర ఎరుపు రాదు, పచ్చదనం వస్తుంది. పచ్చరంగు సీసా లేకపోతే చాకలి గుర్తులు వేసే పచ్చ సిరాలోంచి ఒక చుక్క తెచ్చి అద్దాడు.

శుక్రవారం పదకొండు గంటలకు, టీ వేళ, పై అంతస్తు సమావేశం గదిలో బల్ల మీద బొమ్మలు కొలువుదీరాయి. ఇత్తడి పిస్తోలు, కళ్ళజోడు పెట్టిన గుడ్లగూబ, అకౌంటెంటుగారి బాతు. బాతు పొట్ట మీద ప్రెషర్ గేజీ గీసి ఉంది. ముల్లు ఎర్రగీత దాటి ఉంది. మేస్త్రి అది చూసి, తెలియకుండానే రెండడుగులు వెనక్కి వేశాడు.

ఆయన వెనకే భార్య, మరో ముగ్గురు ఆడవాళ్ళు వచ్చారు. చెమటకు తడిసిన రవికెలతో ఏసీలోకి అడుగుపెట్టి గజగజ వణికారు. ఆవిడ చేతిలో కొలత టేపు ఉంది. పొద్దున్నే బల్లల మీద కుర్చీ వేసుకుని ఎక్కి, కొక్కెం నుంచి నేలకు కొలిచి వచ్చింది.

పెద్దసారు ఒక్కొక్క బొమ్మనూ చూస్తూ వచ్చి పంకా దగ్గర ఆగారు. కళ్ళజోడు పెట్టుకున్నారు. కీ ఇచ్చారు, రెక్కలు తిరిగాయి. వంగి చూశారు, పక్కనుంచి చూశారు. ఏడు అర్జీల మీద కలిపి ఆయన చూపు అంతసేపు నిలవలేదు.

ఈ తుప్పు అచ్చం నిజం తుప్పులాగే ఉందని ఆయన మెచ్చుకున్నారు. అందరూ తల ఊపారు. మెమో రాసిన చెయ్యి కూడా చప్పట్లు కొట్టింది. మేడమ్ ముందే అచ్చువేయించిన కార్డు తీసింది. "స్టీమ్‌పంక్. హాల్లో పెట్టుటకు ఆమోదించడమైనది." దాని కింద పెద్దసారు సంతకం చేసి, కార్డును మేస్త్రి చేతిలో పెట్టారు.

అప్పుడు భార్య ముందుకొచ్చింది.

"ఎప్పుడు బిగిస్తారు సార్? కొక్కెం గట్టిగానే ఉంది. కొలత కూడా తెచ్చాను."

మేడమ్ ఆ కొలత టేపు వైపు చూసింది.

"బిగించడమేంటమ్మా?" అంది మేడమ్. "రిసెప్షన్ హాల్లో, అద్దాల బీరువాలో పెడతాం."

"బీరువాలో పంకా ఎందుకు మేడమ్? గాలి ఎవరికి?"

అక్కడి నుంచి ముడి ఒక్కొక్క పోగూ విడింది. ఫోను, వాల్వు, బుస, అన్నీ బయటికొచ్చాయి. మేడమ్ ఓపిగ్గా వివరించింది. అది పంకా కాదనీ, పంక్ అనీ, ఆవిరి యుగం అయిపోకుండా ఈనాటికీ నడుస్తుంటే లోకం ఎలా ఉంటుందో ఊహించడమే దాని అందమనీ.

"ఊహించడం ఎందుకమ్మా?" అన్నాడు మేస్త్రి. "కింద నడుస్తూనే ఉందిగా."

ముందు అకౌంటెంటు నవ్వాడు. తర్వాత గదంతా నవ్వింది. పెద్దసారు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు. మేస్త్రి కూడా నవ్వబోయి, భార్య మొహం చూసి మానేశాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఆవిడ ఆయన చేతిలోంచి కార్డు తీసుకుంది. బల్ల మీద పెద్దసారు పెట్టిన పెన్ను కూడా తీసుకుంది.

"మా ఆయనకు చెవుడని నవ్వుతున్నారు సార్. చెవుడు నిజమే. కానీ ఆ చెవి ఏడేళ్ళుగా ఒక్క మాట కోసం కాచుకుని ఉంది. అందుకే మేడమ్ గారు పొల్లు పలికితే దానికి దీర్ఘం వినబడింది. తేడా అంతే. మీ అక్షరం మీద పొల్లు ఉంది. మాకు దీర్ఘం కావాలి."

అంటూ కార్డును బల్ల మీద పెట్టి, 'క్' నెత్తిన ఉన్న పొల్లు కొట్టేసి దీర్ఘం పెట్టింది. చెయ్యి తిరిగిన మనిషి కదా, గీత వంకర పోలేదు. ఇస్త్రీ చేసినట్టు చక్కగా వచ్చింది. పక్కనే సందు చూసుకుని, హాల్లో అన్నదానికి ముందు 'ఇస్త్రీ' అని కూడా చేర్చింది.

"ఇప్పుడు చదవండి సార్. స్టీమ్‌పంకా. ఇస్త్రీ హాల్లో పెట్టుటకు ఆమోదించడమైనది." కార్డును ఆయన వైపు తిప్పి పెట్టింది. "బొమ్మను మీ బీరువాలోనే ఉంచుకోండి. పొల్లు కూడా మీరే ఉంచుకోండి."

పెద్దసారు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. కింద సంతకం ఆయనదే. సిరా ఇంకా ఆరలేదు.