వేలు పెట్టని పాయసం

ఉదయం వేసుకున్న పథకంలో ఒక్క లోపం కూడా లేదు. సాయంత్రం నాలుగింటికి కెరాము దీవిలో పడవ తీస్తే, దేవుడి దయవల్ల గాలి నిలకడగా ఉంటే, తెల్లవారి నాలుగింటికల్లా, ఫజర్ నమాజు వేళకి సెలాసా రేవు చేరుకోవచ్చు. ఎనిమిదింటికి పరీక్ష. ఆ నాలుగు గంటల తేడా ఎందుకైనా మంచిదని మస్తూరా ఉంచుకుంది. ఆమె అన్నీ ఎందుకైనా మంచిదనే చేస్తుంది.

పది రోజులుగా దీవికి డీజిల్ రాలేదు. మోటారు పడవలన్నీ ఒడ్డున పడుకున్నాయి. అందుకని మొగుడు జంహారీ తాతల నాటి తెరచాపని అటక మీంచి దింపాడు. చంటిపిల్లాడు ఇంకా పాలు మానలేదు కాబట్టి వాడూ రావాలి. పరీక్ష జరిగినంతసేపు వాణ్ణి ఎత్తుకోవడానికి అత్త హలీజా రావాలి. మధ్యలో ఆగిపోయిన చదువుకి పన్నెండో తరగతి పరీక్ష కట్టడం మస్తూరాకిది మూడోసారి. మొదటిసారి హాలు మెట్ల మీదే నొప్పులొచ్చాయి. రెండోసారి పిల్లాడికి జ్వరం. ఈసారి కూడా హాజరు కాకపోతే పేరు కొట్టేస్తామని కాగితం వచ్చింది.

పడవ నీళ్లలోకి నెడుతుండగా పక్కింటి కమరియా వంటింటి కిటికీలోంచి కేకేసింది. "నల్లబియ్యం పాయసం ఇప్పుడే దింపాను. తలో గరిటెడు తాగి వెళ్లండర్రా."

"వచ్చాక తాగుతాంలే అక్కా," అన్నాడు జంహారీ, తాడు విప్పుతూ.

ఒడ్డు సన్నటి గీతలా మారాక హలీజాకి ఆ మాట గుర్తొచ్చింది. "ఒరేయ్, పాయసంలో వేలు పెట్టావా?"

"లేదే. నువ్వు పెట్టావనుకున్నా."

"నా చేతుల్లో పిల్లాడుంటే ఏ వేలు పెట్టను?"

ఇద్దరూ మస్తూరా వైపు చూశారు. ఆ దీవుల్లో ఎవరైనా తినమని పిలిస్తే తినకపోయినా ఫరవాలేదు, వేలితో తాకి పెదవికి రాసుకోవాలి. తాకకుండా బయల్దేరిన వాళ్లకి దారిలో పామో, మొసలో, పిడుగో తగులుతుంది. హలీజా దగ్గర మూడింటికీ ఉదాహరణలున్నాయి, పోయినవాళ్ల పేర్లతో సహా.

"నడి సముద్రంలో మొసలెక్కడిది అత్తా," అంది మస్తూరా.

"దాని పేరెత్తకు. వింటుంది."

సరిగ్గా అప్పుడే తెరచాప తాడు పుటుక్కున తెగింది. తాతల నాటి తాడు, తాతల దగ్గరికి పోవడానికి ఆ క్షణమే చూసుకుంది. తెరచాప మొత్తం వచ్చి హలీజా మీద పడింది. దాని కిందనుంచి ఆమె గొంతు వినబడింది. "నేనేమీ అనడం లేదు."

మస్తూరా ఒళ్లో పిల్లాణ్ణి చూసుకుంది. వాడు నిద్రలో పెదవులు చప్పరిస్తున్నాడు. ఆ పెదవులకి కూడా ఎవరూ ఏమీ రాయలేదు.

"వెనక్కి తిప్పు బావా," అంది.

జంహారీ తాడు ముడేసి, వచ్చిన దారినే పడవ తిప్పాడు. తీరా వెళ్లేసరికి కమరియా కొడుకులు నలుగురూ పాయసం అడుగు గోకేశారు. గిన్నె కడిగి బోర్లించి ఉంది.

"గిన్నె తాకితే చాలదా అక్కా?" అంది మస్తూరా.

"కడిగిన గిన్నె నాకించి పంపిందని ఊరంతా నా గురించి చెప్పుకోవాలా? కూర్చో," అని కమరియా మళ్లీ ఎసరు పెట్టింది. నల్లబియ్యం ఉడకడానికి గంటన్నర పడుతుంది.

ఆ గంటన్నరలో కబురు దీవంతా తిరిగింది. ముందుగా వెనకింటి రుబియా వచ్చి గుమ్మంలో నిలబడింది. "నిన్న నేను చేపల పులుసుకి పిలవలేదూ? తాకావా? ఏం, ఆవిడ పాయసానికేనా ప్రాణభయం, నా పులుసుకి లేదా?"

ఆమె వెనక మరొకరు. ఆ ఒకరి వెనక ఇంకొకరు. మొత్తం పదకొండిళ్లు. మస్తూరా పదకొండిళ్లలోనూ వేలు ముంచి తన పెదవికీ, పిల్లాడి పెదవికీ రాసింది. జంహారీ తాకడంతో సరిపెట్టుకోలేకపోయాడు. ఆఖరి ఇంటికి అతను నడిచి రాలేదు, దొర్లుకుంటూ వచ్చాడు. తాకి వదిలేస్తే తమ వంటకి అవమానమన్న వాళ్లు మూటలు కట్టిచ్చారు, కమరియా క్యాన్నిండా పాయసం పోసిచ్చింది. రాత్రి ఎనిమిదింటికి పడవ రెండోసారి కదిలేటప్పటికి దాని అంచు నీళ్లకి జానెడు ఎత్తులో ఉంది. ఇప్పుడు బయల్దేరితే చేరేది సరిగ్గా ఎనిమిదింటికి. మస్తూరా దాచుకున్న నాలుగు గంటలూ పులుసులో కలిసిపోయాయి.

నడిరేయి గాలి పడిపోయింది. చీకట్లో ఒక లాంతరు కనిపించింది. తెడ్డేసుకుంటూ దగ్గరికి వెళితే డీజిల్ అయిపోయి ఆగిన మోటారు పడవ. అందులో పడవవాడూ, ఇస్త్రీ చొక్కా వేసుకున్న సుహర్మన్ అనే ఆయనా ఉన్నారు. ఆయన ఒళ్లో సీలు వేసిన రేకుపెట్టె ఉంది.

"ముందు కాస్త తినండి నాయనా," అని హలీజా పాయసం క్యాను మూత తీసింది. పడవవాడు వెంటనే వేలు పెట్టాడు, తర్వాత చెయ్యి పెట్టాడు.

సుహర్మన్ తల అడ్డంగా ఊపాడు. "నాకొద్దమ్మా. కడుపులో తిప్పుతోంది."

"తినొద్దు. తాకు చాలు."

"అలాంటివి నేను నమ్మను. చదువుకున్నవాణ్ణి."

"చదువుకున్నవాళ్లకి వేళ్లుండవా?"

"ఎక్కడికి సార్ ప్రయాణం?" అని అడిగింది మస్తూరా, మాట మార్చడానికి.

"సెలాసాకి. పొద్దున పరీక్షకి పర్యవేక్షకుణ్ణి. ఇవి ప్రశ్నపత్రాలు."

మస్తూరా పెట్టె వైపు చూసింది. మొసలి ఈయన్ని పట్టుకుపోతే పట్టుకుపోనీ. పెట్టె సంగతేమిటి? ఆమె క్యాను లాక్కుని ఆయన ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "తాకండి సార్. మీకు పుణ్యముంటుంది. పొద్దున ఆ పరీక్ష రాసేది నేనే."

సుహర్మన్ నిప్పు తగిలినట్టు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "అభ్యర్థి చేతి మంచినీళ్లు కూడా ముట్టకూడదని నిబంధన. ఇది లంచం."

"ఇది పాయసం సార్."

"పాయసం రూపంలో లంచం."

"నాకు ప్రశ్నలేమీ చెప్పొద్దు సార్. ఒక్క వేలు."

"నీ హాల్ టికెట్ నంబరెంత?"

ఆమె ఎంత బతిమాలితే ఆయనకి అనుమానం అంత బలపడింది. చివరికి నోటుపుస్తకంలో నంబరు రాసుకుని, దాని పక్కన 'పదేపదే ప్రలోభపెట్టినది' అని రాశాడు. కానీ గాలి వస్తే కదిలే పడవ వీళ్లదొక్కటే. అందుకని తనతో ఎవరూ మాట్లాడకూడదన్న షరతు మీద వీళ్ల పడవలోకి ఎక్కి, ముందు కొసన అటు తిరిగి కూర్చున్నాడు. ఆయన పడవని వెనక కట్టారు. గంట తర్వాత గాలి వచ్చింది. పెద్ద అల లేచినప్పుడల్లా మస్తూరా ముందు పెట్టెని చూసేది, తర్వాత సిగ్గుపడి పిల్లాణ్ణి చూసేది.

తెల్లవారేసరికి సుహర్మన్ పెట్టెని కావలించుకుని, నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. హలీజా క్యానుతో లేచింది.

"వద్దత్తా. నంబరు రాసుకున్నాడు."

"నంబరే కదా, ప్రాణం కాదుగా."

ఆమె చిటికెనవేలితో సున్నితంగా పెదవి మీద అద్దబోయింది. అల వచ్చింది. వేలు కాస్తా అరచెయ్యి అయింది. పాయసం ఆయనకి ముక్కు నుంచి గడ్డం దాకా పట్టింది. ఆయన లేవలేదు. నాలుక ఒక్కటే బయటికొచ్చి, నిబంధన అతిక్రమించి, లోపలికి వెళ్లిపోయింది.

తొమ్మిదింటికి సెలాసా చేరారు. అరవైమంది అభ్యర్థులు, పరీక్షల అధికారి బహ్రుం, అందరూ రేవు మీదే ఎదురుచూస్తున్నారు. పడవ రేవుకి తగిలిన కుదుపుకి సుహర్మన్ లేచి, చొక్కా సర్దుకుని, పెట్టె ఎత్తుకుని, మహా దర్జాగా మెట్లెక్కాడు.

"మూతికేమిటయ్యా అది?" అన్నాడు బహ్రుం.

సుహర్మన్ తడుముకున్నాడు. వేలు చూసుకున్నాడు. పడవ వైపు తిరిగాడు. "ఈవిడ అభ్యర్థి సార్. రాత్రంతా లంచం ఇవ్వబోయింది. నంబరు రాసుకున్నాను. హాల్లోకి రానివ్వకండి."

మస్తూరా పిల్లాణ్ణి ఎత్తుకుని నిలబడింది. పడవలోంచి హలీజా గొంతు లేచింది. "ఆ పిల్లదేం తప్పు లేదు నాయనా. పూసింది నేను. తినమని పిలిచినా మీవాడు తాకలేదు. కాళ్లా వేళ్లా పడినా తాకలేదు."

రేవు మీదివాళ్లంతా సుహర్మన్ నుంచి ఒక అడుగు వెనక్కి జరిగారు. బహ్రుం కూడా ఆ దీవుల్లో పుట్టినవాడే.

"తాకలేదా?" అన్నాడు మెల్లగా.

"లేదు సార్. నిబంధన ప్రకారం..."

"నడి సముద్రంలో? రాత్రంతా? అరవైమంది పేపర్లు ఒళ్లో పెట్టుకుని?"

"సార్, అదంతా మూఢ..."

"ప్రభుత్వం వారి ప్రశ్నపత్రాల్ని తెలిసి తెలిసి ప్రమాదంలో పెట్టావు. సంజాయిషీ రాసివ్వు. ఎందుకు తాకలేదో కారణాలతో సహా." ఆయన మస్తూరా వైపు తిరిగాడు. "నువ్వు లోపలికి పద తల్లీ. ఇప్పటికే ఆలస్యమైంది."

తొమ్మిదిన్నరకి పరీక్ష మొదలైంది. మస్తూరా మూడో వరసలో కూర్చుని, ప్రశ్నపత్రాన్ని ఒకసారి కళ్లకద్దుకుని రాయడం మొదలుపెట్టింది. ఎదురుగా బల్ల దగ్గర సుహర్మన్ మూతి కడుక్కుని వచ్చి, తెల్లకాగితం తీసి 'గౌరవనీయులైన' అని రాసి, కొట్టేశాడు. కిటికీ బయట ఒకసారి పిల్లాడు ఏడ్చాడు. మస్తూరా తలెత్తలేదు. మూడు గంటల తర్వాత గంట కొట్టారు.

మస్తూరా అప్పటికే పేపరు ఇచ్చేసింది. పర్యవేక్షకుడు మాత్రం ఇంకో అరగంట కావాలన్నాడు.